ఐజక్ కసాబన్ – హెర్మెస్ గ్రంథాల కాలనిర్ణయం

పాశ్చాత్య దేశాల గూఢవిద్యా సంప్రదాయానికి ఆధారభూతమైన గ్రంథాలను భాషాదృష్టితో పరిశీలించి, వాటి కాలాన్ని నిర్ణయించిన విమర్శకులలో ఐజక్ కసాబన్ అగ్రగణ్యుడు. ఆయన క్రీ.శ. 1559 ఫిబ్రవరి 18న జెనీవా నగరంలో జన్మించినాడు. తల్లిదండ్రులు మతపీడనకు తాళలేక ఫ్రాన్సు విడిచి వచ్చిన ప్రొటెస్టంటులు. తరువాత తండ్రి ఫ్రాన్సులోని క్రెస్ట్ పట్టణంలో మతాచార్యుడైనందున ఆయన బాల్యం అక్కడ గడిచినది. 1572లో ప్రొటెస్టంటుల ఊచకోత జరిగినప్పుడు ఆ కుటుంబం కొండలలో తలదాచుకున్నది. అక్కడ ఒక గుహలో తండ్రి వద్ద ఆయన గ్రీకు తొలిపాఠం నేర్చినాడని ప్రతీతి.

కసాబన్ జెనీవా విద్యాపీఠంలో చదివి, అక్కడే గ్రీకు ఆచార్యుడైనాడు. 1586లో ప్రసిద్ధ ముద్రాపకుడు, పండితుడు అయిన ఆన్రీ ఎస్తియెన్ కుమార్తె ఫ్లోరెన్స్‌ను వివాహమాడినాడు. స్ట్రాబో, థియోఫ్రాస్టస్, ఎథినేయస్ మొదలైన గ్రీకు రచయితల గ్రంథాలను పరిష్కరించి యూరపు పండితలోకంలో ప్రఖ్యాతి గడించినాడు. మాంపెలియెలో కొంతకాలం బోధించి, పిదప పారిస్ చేరి నాల్గవ హెన్రీ రాజు ఆదరం పొందినాడు. 1610లో ఆ రాజు హత్యకు గురికాగా ఇంగ్లండుకు తరలి, మొదటి జేమ్స్ ఆశ్రయంలో శేషజీవితం గడిపినాడు.

హెర్మెస్ ట్రిస్మెజిస్టస్ పేర వెలసిన గ్రీకు గ్రంథాల మూలప్రతి సుమారు 1460లో ఫ్లారెన్సు చేరినది. కోసిమో ద మెడిచీ ఆదేశానుసారం మార్సీలియో ఫిచీనో, ప్లేటో అనువాదాన్ని కూడా ఆపి, 1463లో వీటిని లాటినులోనికి అనువదించినాడు. హెర్మెస్ మోషే కాలపు ఈజిప్టు ఋషియనీ, ప్లేటో తత్త్వానికి అతడే మూలమనీ నాటి పండితులు పెక్కురు విశ్వసించినారు. కార్డినల్ బరోనియస్ తన బృహత్తర క్రైస్తవ సంఘచరిత్రలో, క్రీస్తు రాకను ముందుగా సూచించిన అన్యమతస్థులలో హెర్మెస్‌ను చేర్చినాడు.

ఆ చరిత్రను ఖండించుచు కసాబన్ రచించిన లాటిన్ గ్రంథం 1614లో లండనులో వెలువడినది. అందులో కొన్ని పుటలే హెర్మెస్‌కు సంబంధించినవి. ఆయన చూపిన అంతస్సాక్ష్యాలు బలమైనవి. ఈ గ్రంథాలలో క్రీ.పూ. 5వ శతాబ్దపు శిల్పి ఫీడియాస్ ప్రస్తావన కలదు. పదజాలం ప్రాచీన గ్రీకుకు చెందినది కాదు. జగత్తును, అలంకారాన్ని సూచించే ఒకే గ్రీకు పదంపై ఆధారపడిన శ్లేష వంటివి గ్రీకులోనే పొసగును. ఈజిప్టు భాషనుండి వచ్చిన అనువాదంలో అట్టి శ్లేషకు తావులేదు. బైబిలు, ప్లేటో భావాల ఛాయలు స్పష్టం. బాహ్యసాక్ష్యం చూడగా, ప్రాచీన గ్రీకు రచయితలెవ్వరూ వీటిని పేర్కొనలేదు. కావున ఇవి క్రీస్తుశకారంభ శతాబ్దాలలో పుట్టిన కూటరచనలని ఆయన తీర్మానించినాడు.

అయితే ఆ తీర్మానంలో భాషావిమర్శతోపాటు మతవిశ్వాసం కూడా పనిచేసినది. దైవం యూదులకంటె అన్యులకు స్పష్టంగా రహస్యాలను తెలిపియుండుట అసంభవమని ఆయన భావన. ఎన్నో రచనల సంపుటిని ఏకగ్రంథంగా భావించి తీర్పు చెప్పినాడని 1678లో రాల్ఫ్ కడ్వర్త్ ఆక్షేపించినాడు. కొన్ని కల్పితములైనా అన్నియు అట్టివి కావని అతని వాదం.

గ్రంథం వెలువడిన సంవత్సరమే, 1614 జూలై 1న, కసాబన్ మరణించినాడు. వెస్ట్‌మిన్‌స్టర్ అబ్బేలో ఆయన భౌతికకాయాన్ని సమాధి చేసినారు. 1945లో ఈజిప్టులోని నాగ్ హమ్మాదీ వద్ద లభించిన కోప్టిక్ ప్రతులలో, గ్నాస్టిక్ గ్రంథాలతోపాటు హెర్మెస్ రచనలు కూడా కనిపించినవి. అప్పటినుండి పరిశోధకులు వీటిలోని ఈజిప్టు మూలాలను తిరిగి పరిశీలించినారు. కసాబన్ నిర్ణయించిన కాలం స్థూలంగా నిలిచినది. కూటరచనలన్న నింద మాత్రం నిలువలేదు. కాలనిర్ణయం వేరు, మూల్యనిర్ణయం వేరు. మొదటిదానికి ఆయన చూపిన మార్గం నేటికీ అనుసరణీయం. రెండవదానిలో ఆయన తొందరపాటు పరిష్కర్తలకు హెచ్చరిక.