భండారు అచ్చమాంబగారి చరిత్రము

స్త్రీలు స్వభావముచేతనే మందబుద్ధులనియు, వారికి విద్య గఱపినచో కుటుంబములు చెడుననియు పలుకువారు పూర్వము మన దేశమున పెక్కుమంది యుండిరి. వారికి సమాధానము చెప్పు మార్గములు రెండు. తర్కముచే ఖండించుట యొకటి. సాక్ష్యము చూపుట రెండవది. మేము న్యాయస్థానములలో వ్యవహరించువారము గావున, నూఱు తర్కములకంటె నమ్మదగిన సాక్ష్య మొక్కటి బలవత్తరమని యెఱుగుదుము. అట్టి సాక్ష్యములను శ్రమపడి కూర్చి తెలుగువారి యెదుట నుంచిన స్త్రీరత్నము భండారు అచ్చమాంబగారు.

అచ్చమాంబగారు 1874వ సంవత్సరమున నందిగామ ప్రాంతమునందలి పెనుగంచిప్రోలున జన్మించిరి. తండ్రి కొమఱ్ఱాజు వెంకటప్పయ్యగారు మునగాల సంస్థానమున దివాను, తల్లి గంగమాంబగారు. ఆమెకు ఆఱవయేట తండ్రి గతించెను. అటుపిమ్మట తల్లియు, అచ్చమాంబగారును, ఆమెకంటె మూడేండ్లు చిన్నవాడగు తమ్ముడు లక్ష్మణరావును తెలంగాణమునందలి దేవరకొండలో సవతియన్న శంకరరావుగారి యండన నుండిరి. బాలికను బడికి పంపు నాచారము నాడు లేదు. పదియవయేట మేనమామయగు భండారు మాధవరావుగారితో నామెకు వివాహ మయ్యెను. ఆయన మధ్యపరగణాలలో ఇంజనీరుగా నుండుటచే ఆమె నాగపురము చేరెను.

లక్ష్మణరావుగారిని చదివించుటకై ఆమె తన యింటనే యుంచుకొనెను. భార్య చదువుకొనుట మాధవరావుగారికి మొదట సమ్మతము గాదు. ఆమె భర్తతో కలహింపలేదు. చదువును మానుకొననూ లేదు. తమ్ముడు పాఠములు వల్లించువేళ అతని సరస గూర్చుండి తెలుగును, హిందీని నేర్చుకొనెను. పిదప మరాఠీ, గుజరాతీ, బంగాళీ భాషలను, కొంత సంస్కృతమును అభ్యసించెను. అక్క తమ్మునికి నీడ నిచ్చెను. తమ్ముడు అక్కకు అక్షరము నిచ్చెను. ఆ తమ్ముడే 1901లో హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయమును, 1906లో విజ్ఞానచంద్రికామండలిని నెలకొల్పిన వారిలో ముఖ్యుడయ్యెను. ఆ యింటి వంటగదికిని తెలుగుదేశపు గ్రంథాలయములకును గల సంబంధ మిట్టిది.

దైవము ఆమెకు సంతానసుఖము నియ్యలేదు. కన్నబిడ్డలు చిన్నతనముననే పోయిరి. పుత్రశోకముచే ఇల్లు చీకటి చేసికొని కూర్చుండుట లోకమున సహజము. ఆమె యట్లుచేయక, దిక్కులేని బిడ్డల నింటికి దెచ్చి పెంచి విద్య చెప్పించెను. తన దుఃఖమును పరుల మేలుగా మార్చుకొనుట యననిదియే.

అబలాసచ్చరిత్రరత్నమాల యను గ్రంథ మామె కృషికి ఫలము. భారతదేశమున సుమారు వేయి సంవత్సరముల కాలమున ప్రసిద్ధికెక్కిన స్త్రీల చరిత్రములను పలుభాషల గ్రంథములనుండి సేకరించి యామె దీనిని రచించెను. ప్రథమభాగమును 1901లో కందుకూరి వీరేశలింగంపంతులుగారు ప్రకటించిరి. వేదపురాణములయందలి స్త్రీలకొక భాగము, పరదేశముల స్త్రీలకొక భాగము ఆమె తలపెట్టిన ప్రణాళికలో నుండెను. రాజ్యమేలినవారు, విద్వాంసురాండ్రు, భక్తురాండ్రు ఎల్లరును ఆ గ్రంథమున సాక్షులై నిలిచిరి. స్త్రీలకు శక్తి లేదను వాదమునకు ఆమె కోపముతో గాక చరిత్రముతో బదులు చెప్పెను.

కథారచనయందును ఆమె ముందునడచినది. 1902లో హిందూసుందరి పత్రికలో వెలువడిన ధనత్రయోదశి యను కథలో, వర్తకునికడ స్వల్పజీతమునకు పనిచేయు భర్త పేదఱికముచే యజమానుని సొమ్మునకు చేయి చాపగా, భార్య యతనిని నీతిమార్గమునకు మరల్చును. అంగడి లెక్కల నిజాయితీ సైతము ఇంటి యిల్లాలి ధైర్యముమీద నిలిచియుండునని యా కథ తెలుపుచున్నది. గురజాడ అప్పారావుగారి దిద్దుబాటు వెలువడినది 1910లో. ఈ తేదీలను చూచి తెలుగున తొలికథ అచ్చమాంబగారిదేయని పలువురు విమర్శకులు వాదింతురు.

ఆమె కలముతో తృప్తినొందలేదు. 1902లో ఓరుగంటి సుందరీరత్నమాంబగారితో గూడి మచిలీపట్టణమున బృందావన స్త్రీసమాజమును స్థాపించెను. ఆంధ్రదేశమున పలుతావుల సంచరించి, స్త్రీలు తమంతట సభలు చేసికొనునట్లు ప్రోత్సహించెను. 1905వ సంవత్సరము జనవరిలో బిలాసపురమున మహామారి వ్యాపింపగా రోగుల సేవకు పూని, తానును ఆ వ్యాధికే బలియయ్యెను. అప్పటికామె వయస్సు ముప్పది యేండ్లు. రత్నమాలలో శేషభాగములు పూర్తికాక నిలిచిపోయినవి.

ఆ శేషమును గూర్చియే మేము జక్రాన్‌పల్లినుండి చదువరులకు విన్నవించుచున్నాము. 1937లో నిజామాబాదున ఆంధ్రమహాసభ జరిగినప్పుడు దానితోగూడ మహిళాసభయు జరిగెను. మన జిల్లా స్త్రీలకు సభలు క్రొత్తవి గావు. ఆ సంవత్సరముననే స్థాపింపబడి 2015లో మూతపడిన బోధను చక్కెర కర్మాగారమునకు కాగితములు, లెక్కలు, చరిత్రము గలవు. ఆ చెఱకుతోటలలో కలుపుతీసిన స్త్రీల పేరు లే లెక్కలో నున్నవి? పసుపు త్రవ్వి, ఉడికించి, ఆరబోసిన చేతులు, వేయి బీడీల కింతయను కూలికి తునికాకు చుట్టి బిడ్డలను చదివించిన చేతులు మన యూళ్లలో నెన్ని లేవు? వారి జీవితములందు ధైర్యమును గలదు, వ్యాపారజ్ఞానమును గలదు, త్యాగమును గలదు, వ్రాత లేదు. వ్రాయని సుగుణము రెండు తరములలో మఱపున బడును. అటుపిమ్మట అట్టివా రసలే లేరని పలుకుట సులభమగును.

కావున విద్యావంతులగు మన కుటుంబములవారు తమ తల్లుల, అవ్వల, ఇంటికి పనికివచ్చు స్త్రీల చరిత్రములను వారినోట విని, వారి యనుమతితో పేరు, ఊరు, సంవత్సరము తప్పక వ్రాసి యుంచవలెను. అచ్చమాంబగారి చిత్రపటమునకు పూలమాల వేయుట మంచిదే. ఆమె సగమున విడిచిన మాలకు మన యూరినుండి యొక రత్నమును కూర్చుట అంతకంటె మంచిది.