సికింద్రాబాదులో తేలిన దోమ గుట్టు

చలిజ్వరం అంటే ఏమిటో మన పెద్దవాళ్లకు ఒకరు చెప్పనక్కర్లేదు. రోజు విడిచి రోజు, గడియారం పెట్టుకున్నట్టు ఒకే వేళకు వణుకు మొదలయ్యేది. ఇంట్లో ఉన్న రజాయిలన్నీ కప్పినా ఆగేది కాదు. ఆ తర్వాత ఒళ్లు పెనంలా కాలేది, చివరకు చెమటలు పోసి దిగేది. ఇది చెడుగాలి వల్ల వస్తుందని ప్రపంచమంతా నమ్మింది. మలేరియా అన్న మాటకు ఇటలీ భాషలో అర్థమే చెడుగాలి. ఆ నమ్మకం తప్పని తేలింది లండనులో కాదు, పారిసులో కాదు, మన సికింద్రాబాదులో. తేల్చినవారు డాక్టరు రోనాల్డ్ రాస్. ఆ పనికి చెయ్యి చాపి దోమలచేత కుట్టించుకున్నది హుసేన్ ఖాన్ అనే రోగి. ఒకరి కథ చెప్పాలంటే రెండో వారి పేరు రాకుండా కుదరదు.

రాస్ 1857 మే 13న అల్మోరాలో పుట్టారు. మీరటులో సిపాయిలు తిరగబడి అప్పటికి మూడు రోజులే అయింది. తండ్రి సైన్యంలో పెద్ద అధికారి. పదిమంది పిల్లల్లో ఈయనే పెద్దవాడు. ఎనిమిదేళ్లకే చదువుకోసం ఇంగ్లండు పంపేశారు. కుర్రవాడికి బొమ్మలు వేయాలని, పద్యాలు రాయాలని, లెక్కలు చేయాలని సరదా. తండ్రిగారికేమో కొడుకు డాక్టరై ఇండియా సర్వీసులో చేరాలని పట్టుదల. ఏం చేస్తాడు పాపం, లండనులోని సెయింట్ బార్తొలొమ్యూ ఆసుపత్రిలో చేరాడు. చదువు మీద మనసు పెద్దగా లేదు, ఒక పరీక్ష తప్పాడు కూడా. కొన్నాళ్లు ఓడ మీద డాక్టరుగా తిరిగి, 1881లో ఇండియన్ మెడికల్ సర్వీసులో చేరి మద్రాసు వచ్చారు. వైద్యమంటే ఇష్టం లేకుండా వైద్యంలోకి వచ్చినవాడు ఇంత పని చేశాడంటే ఇప్పటికీ ఆశ్చర్యమే.

బెంగుళూరులో ఉన్నప్పుడు ఇంటి దగ్గర నిలవనీరు ఒలకబోయిస్తే దోమలు తగ్గడం ఆయన గమనించారు. కానీ జ్వరానికీ దోమకూ సంబంధం ఉందన్న ఆలోచన అప్పటికి లేదు. ఆ దారి చూపిన గురువు ప్యాట్రిక్ మాన్సన్. బోదకాలు తెచ్చే సన్నని పురుగు దోమ కడుపులో పెరుగుతుందని 1877లో చైనాలో కనిపెట్టిన వైద్యుడు ఈయనే. మలేరియా రోగుల నెత్తురులోని క్రిమిని లావెరాన్ అనే ఫ్రెంచి సైనిక డాక్టరు 1880లో అల్జీరియాలో చూశాడు. అది మనిషి ఒంట్లో ఉందన్నది తెలిసింది, ఒక మనిషి నుంచి మరో మనిషికి ఎలా పోతుందన్నది తెలియలేదు. 1894లో సెలవు మీద లండను వెళ్లిన రాస్‌కు మాన్సన్ ఆ క్రిమిని మైక్రోస్కోపులో చూపించి, దోమను అనుమానించమన్నారు.

అయితే గురువుగారి ఊహలో ఒక పొరపాటుంది. దోమ నెత్తురు తాగి నీళ్లలో పడి చస్తుందనీ, ఆ నీళ్లు తాగినవారికి జ్వరం వస్తుందనీ ఆయన అనుకున్నారు. రాస్ 1895లో సికింద్రాబాదు వచ్చాక చచ్చిన దోమలున్న నీళ్లు మనుషులచేత తాగించి చూశారు! ఇవాళ ఎవరైనా అలా చేస్తే ఊరుకుంటామా? ఆ కాలంలో సాగింది.

ఆయనకు దోమల జాతుల పేర్లు తెలియవు. పుస్తకాలూ దొరకలేదు. అందుకని తానే పేర్లు పెట్టుకున్నారు: చారల దోమ, బూడిదరంగు దోమ అని. రెండేళ్లపాటు ఈ రెండు రకాలనే పట్టి, రోగుల చేత కుట్టించి, కోసి చూశారు. ఏమీ కనబడలేదు. కనబడదు కూడా. మనుషుల మలేరియాను మోసేది వేరే రకం. మధ్యలో కలరా పని మీద బెంగుళూరు పంపారు. 1897లో నీలగిరుల్లో తిరుగుతుంటే ఆయనకే మలేరియా పట్టుకుంది.

1897 జూన్‌లో మళ్లీ సికింద్రాబాదు. బేగంపేట దగ్గర చిన్న ఆసుపత్రి గది, ఆ ఉక్కపోత. పంకా లాగిస్తే కోసిపెట్టిన దోమలు ఎగిరిపోతాయి, కాబట్టి పంకా లేదు. నుదుటి చెమట, చేతుల చెమట పడి మైక్రోస్కోపు మరలు తుప్పు పట్టాయి. ఉన్న ఒక్క అద్దమూ పగిలింది. కోయకుండా మిగిలిన దోమలు మాత్రం వచ్చి ఆయన్నే కుట్టేవట.

ఆగస్టు నడుమ, సీసాలో పెంచిన పురుగుల నుంచి కొత్తరకం దోమలు పొదిగాయి. గోధుమరంగు, రెక్కల మీద మచ్చలు. మామూలు దోమలా ఒంటిని గోడకు సమాంతరంగా పెట్టదు, తోక పైకెత్తి ఏటవాలుగా కూర్చుంటుంది. ఇదే అనాఫిలిస్. ఆగస్టు 16న వీటిని దోమతెరలోకి వదిలి హుసేన్ ఖాన్‌ను కుట్టనిచ్చారు. కుట్టిన దోమకు ఒక అణా లెక్కన అతనికి ముట్టింది. తెరలో పడుకున్నవాడు జ్వరంతో ఉన్న రోగి అన్న సంగతి మరచిపోకూడదు.

రోజుకు కొన్ని చొప్పున కోస్తూ వచ్చారు. కొన్ని వాటంతటవే చచ్చాయి. ఆగస్టు 20 నాటికి చేతిలో మిగిలినవి చాలా తక్కువ. కళ్లు అలసిపోయాయి, ఇక చాలనిపించింది. అయినా ఒక దోమ పొట్ట గోడను చివరిదాకా వెతికారు. అక్కడ గుండ్రని కణాలు, వాటిలో నల్లని రేణువులు! ఆ రేణువులు మలేరియా క్రిమిలో తప్ప ఉండవు. మర్నాడు ఇంకో దోమను కోస్తే కణాలు ముందురోజు కంటే పెద్దవై ఉన్నాయి. పెరుగుతున్నాయంటే ప్రాణమున్నట్టే. హుసేన్ ఖాన్ నెత్తురులోని క్రిమి దోమ పొట్టలో బతుకుతోందన్నమాట. ఆ రాత్రి రాస్ ఒక పద్యం రాసుకున్నారు. అదే ఏడాది డిసెంబరులో ఈ సంగతి బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో అచ్చయింది. ఆగస్టు 20ని ఇప్పుడు ప్రపంచమంతా దోమల దినంగా జరుపుకుంటోంది.

సర్కారు మాత్రం ఆయన్ని నెల తిరిగేసరికి రాజపుతానాలోని ఖేర్వారాకు బదిలీ చేసింది. అక్కడ మలేరియా రోగులే లేరు! మాన్సన్ పట్టుబట్టి రాయగా, 1898లో కలకత్తాలో పరిశోధన చేసుకునే అవకాశం వచ్చింది. అప్పుడు ప్లేగు సూదుల భయం ఊరంతా ఉండటంతో, నెత్తురు చుక్క తీస్తామంటే ఎవరూ దగ్గరికి రాలేదు. అందుకని పిచ్చుకల మలేరియాను పట్టుకున్నారు. అక్కడ ఆయనకు తోడుగా నిలిచిన సహాయకుడు మహమ్మద్ బక్ష్. దోమలు పట్టడం, పక్షులను సాకడం, రాత్రుళ్లు కాపలా, అన్నీ అతని మీదే నడిచాయి. 1898 జూలైలో క్రిమి దోమ లాలాజల గ్రంథుల్లోకి చేరుతుందని రాస్ చూశారు. అలాంటి దోమ కుట్టిన ఆరోగ్యమైన పిచ్చుకలకు జబ్బు వచ్చింది. దోమ చచ్చిన నీళ్ల వల్ల కాదు, దోమ కాటు వల్లే అని తేలింది.

అదే సంవత్సరం ఇటలీలో గ్రాసీ, ఆయన సహచరులు మనుషుల మలేరియాను మోసేది అనాఫిలిస్ దోమేనని నిరూపించారు. ఘనత ఎవరిదని ఇద్దరికీ చాలా ఏళ్లు తగవు నడిచింది. 1902లో నోబెల్ బహుమతి రాస్ ఒక్కరికే వచ్చింది. క్రిమిని మొదట చూసిన లావెరాన్‌కు 1907 దాకా రాలేదు. రాస్ ముక్కోపి, తన పేరు విషయంలో పట్టువిడుపు లేని మనిషి. చివరకు గురువు మాన్సన్‌తోనూ చెడింది. పని పెద్దదైనంత మాత్రాన మనిషి మచ్చ లేనివాడు కానక్కర్లేదు.

తర్వాతి పని నాకు ఇంకా గొప్పదిగా తోస్తుంది. 1899లో ఇండియా వదిలి లివర్‌పూల్‌లో పాఠాలు చెబుతూ, ఆఫ్రికాలో, సూయజ్ కాలువ దగ్గర ఇస్మాయిలియాలో, 1907-08లో మారిషస్‌లో దోమల మీద యుద్ధం చేశారు. చిన్ననాటి లెక్కల పిచ్చి ఇక్కడ పనికొచ్చింది. ఊళ్లో దోమలన్నిటినీ చంపనక్కర్లేదు, ఒక హద్దుకు దించితే చాలు, జబ్బు తనంతట తానే సన్నగిల్లుతుందని లెక్కగట్టి చూపించారు. 1911లో సర్ బిరుదు వచ్చింది. 1932 సెప్టెంబరు 16న లండనులో కన్నుమూశారు.

ఆ లెక్క మన ఇంటికీ వర్తిస్తుంది. కుట్టేది ఆడదోమే, గుడ్లకు నెత్తురు కావాలి గనుక. గుడ్డు నుంచి రెక్కలొచ్చేదాకా మన ఎండల్లో వారం పదిరోజులు పడుతుంది. గోలెం, తొట్టి, కూలరు వారానికోసారి ఖాళీచేసి తోమి ఆరబెడితే పురుగు దోమ కాకముందే పోతుంది. మన పట్నాల అనాఫిలిస్ మురుగులో కాదు, మూతలేని మేడమీది ట్యాంకులోని మంచినీళ్లలో పుడుతుంది. రాస్ చారల దోమ అని విడిచిపెట్టిన రకమే డెంగీ, చికున్‌గున్యా తెస్తుంది, అదీ పట్టపగలు కుట్టి. బూడిదరంగు దోమ జాతి వాళ్లలో ఒకటి మురుగునీట పెరిగి బోదకాలు, ఇంకొకటి వరిచేలలో పెరిగి మెదడువాపు మోస్తాయి. దోమతెర కట్టుకుని పడుకునే ఇంట్లో పగటి దోమ సంగతి చాలామంది మరిచిపోతారు.

రాస్ పనిచేసిన బేగంపేట భవనం పాత విమానాశ్రయం దగ్గర ఇప్పటికీ ఉంది. నల్లకుంటలోని జ్వరాల ఆసుపత్రికీ ఆయన పేరే పెట్టారు. బోర్డు మీద సర్ రోనాల్డ్ రాస్ అని ఉన్నా, హైదరాబాదులో ఆటోవాడికి ఆ పేరు చెబితే తల గోక్కుంటాడు. కోరంటి దవాఖానా అంటే చాలు, వానాకాలంలో జ్వరంతో మూలుగుతున్న పిల్లల్ని ఎత్తుకున్న తల్లులు క్యూలో నిలబడిన ఆ గేటు ముందే దింపుతాడు.