దీర్ఘరోగుల డాక్టరు – షార్కో

నయంకాని జబ్బును పట్టించుకుని లాభమేమిటి అని అందరూ వదిలేసిన చోట జీవితమంతా పనిచేసిన వైద్యుడు జీన్ మార్టిన్ షార్కో. ఆయన గురించి మనం తప్పక తెలుసుకోవాలి.

షార్కో 1825 నవంబరు 29న ఫ్రాన్స్ రాజధాని పారిస్‌లో జన్మించారు. తండ్రి గుర్రపు బండ్లు తయారు చేసేవారు. కొడుకులందరినీ పెద్ద చదువులు చదివించే స్తోమత లేక, చదువులో ముందున్నవాణ్ణే పంపుతానన్నారట. ఆ అవకాశం షార్కోకు దక్కింది. ఒకరి చదువు కోసం మిగతావాళ్ళు కూలికి వెళ్ళే ఇళ్ళ నుంచి వచ్చిన మనకు ఆ అవకాశం విలువ వేరే చెప్పనక్కర్లేదు.

1853లో డాక్టరు పట్టా పొందిన ఆయన 1862లో సాల్పెట్రియేర్ ఆసుపత్రిలో చేరారు. అక్కడ దాదాపు ఐదు వేలమంది పేద స్త్రీలు, వృద్ధులు, దీర్ఘరోగులు ఉండేవారు. షార్కో వారిని ఏళ్ళ తరబడి పరీక్షించి, నడక, చూపు, మాట ఎలా మారుతున్నాయో రాసిపెట్టుకున్నారు. చనిపోయినవారి మెదడును, వెన్నుపామును కోసి చూసి, ముందు రాసుకున్న లక్షణాలతో పోల్చేవారు. కొందరిలో గట్టిపడిన మచ్చలు కనిపించాయి.

ఆ రోజుల్లో వణుకు ఉన్న రోగులందరినీ ఒకే గాటన కట్టేవారు. కూర్చున్నప్పుడు వచ్చే వణుకు వేరు, గ్లాసు అందుకోబోతే వచ్చే వణుకు వేరు అని షార్కో తేల్చారు. మొదటిది పార్కిన్సన్ వ్యాధి. రెండోదానిని 1868లో వివరంగా వర్ణించారు. దానినే నేడు మల్టిపుల్ స్క్లెరోసిస్ అంటున్నాం. ఆయన వాడి చూసిన మందులేవీ పనిచేయలేదు. రోగులైన స్త్రీలను సభలో నిలబెట్టి హిప్నాటిజం ప్రదర్శించారన్న విమర్శ కూడా ఆయనపై ఉంది. 1893 ఆగస్టు 16న మరణించారు. సరిగ్గా వందేళ్ళకు, 1993లో, ఈ జబ్బు తిరగబెట్టడాన్ని తగ్గించే మొదటి మందుకు అమెరికాలో అనుమతి లభించింది.

బోరు మోటారు వైరుకు పైతొడుగు ఊడితే కరెంటు సరిగా అందదు. మన నరాలకూ అలాంటి తొడుగు ఉంది. శరీరంలోని రోగనిరోధక శక్తే పొరపాటున దానిని దెబ్బతీయడం వల్ల ఈ జబ్బు వస్తుంది. ఎక్కువగా 20 నుంచి 40 ఏళ్ళ మధ్య, మగవారికన్నా ఆడవారిలో ఎక్కువగా మొదలవుతుంది. ఒక కన్ను మసకబారడం, కాళ్ళు తిమ్మిరెక్కడం, విపరీతమైన నీరసం వస్తాయి. చాలామందిలో కొన్నాళ్ళకు తగ్గి, మళ్ళీ తిరగబెడతాయి.

మదనపల్లె పక్కన ఆరోగ్యవరం పేరు చెబితే మనకు క్షయ గుర్తొస్తుంది. క్షయ అంటుకుంటుంది, కానీ కొన్ని నెలలు మందులు వాడితే నయమవుతుంది. ఇది అంటుకోదు, కానీ పూర్తిగా నయం కాదు. షుగరులాగా మందులతో అదుపులో పెట్టుకుంటూ చదువు, ఉద్యోగం, సంసారం సాగించవచ్చు.

2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం ఈ జబ్బును వైకల్యాల జాబితాలో చేర్చింది. 40 శాతం, అంతకుమించి వైకల్యం ఉన్నట్లు సర్టిఫికెట్ ఉంటే ప్రభుత్వ ఉన్నత విద్యాసంస్థల్లో కనీసం 5 శాతం సీట్ల రిజర్వేషన్ వర్తిస్తుంది.

కనుక తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ! నిన్న తూలి నడిచిన స్నేహితురాలు నేడు మామూలుగా నడిస్తే నటన అనకండి. గాలి సోకిందని తాయెత్తులు కట్టించకండి. అన్నీ ఈ జబ్బే కానక్కర్లేదు, కానీ వార్డెన్‌కు చెప్పి నరాల డాక్టరుకు చూపించండి. మందు తెలియని రోజుల్లోనే షార్కో రోగిని శ్రద్ధగా చూశారు. మందులున్న ఈ రోజుల్లో మనం మన పక్క మంచం మీది మనిషినైనా శ్రద్ధగా చూడలేమా?

– పూర్వ విద్యార్థి, నిమ్మనపల్లె