బిషప్ అజరయ్యగారి జ్ఞానయుక్త నిర్ణయములు



ఏమి కావలెనో అడుగుమని గిబియోనులో దేవుడు సెలవియ్యగా, సొలొమోను ఐశ్వర్యమునైనను దీర్ఘాయువునైనను అడుగక, న్యాయము గ్రహించు వివేకమును అడిగెను. యాకోబు తన పత్రిక మొదటి అధ్యాయములోనే దేవుడిచ్చు జ్ఞానమును గూర్చియు, మనుష్యుని ఈడ్చుకొనిపోవు దురాశను గూర్చియు వ్రాసెను. ఆశ కన్నులు కప్పినచోట మంచి త్రోవ కానరాదు. డోర్నకల్ బిషప్ అజరయ్యగారి జీవితము ఇందుకు సాక్ష్యము.

వేదనాయగం శామ్యూల్ అజరయ్యగారు 1874వ సం॥ ఆగష్టు 17న తిరునెల్వేలి ప్రాంతమున ఒక పాదిరిగారి కుమారుడుగా జన్మించిరి. 1898లో అంబుగారిని వివాహమాడినప్పుడు కట్నము పుచ్చుకొనుటకు నిరాకరించిరి. లోకాచారము ఇయ్యమనుచుండగా చేయి చాపకపోవుటయే ఆయన మొదటి జయము.

వై.ఎం.సి.ఏ. కార్యదర్శిగా ఆయన ఊరూర తిరిగి యౌవనులను సువార్తసేవకు పిలిచిరి. 1903లో తిరునెల్వేలి భారత మిషనెరీ సంఘమును స్థాపించినవారిలో ఒకరైరి. అయితే ఇతరులను పొమ్మనువాడు తాను నిలిచిపోవుట తగునా అను ప్రశ్న ఆయనను విడువలేదు. 1909లో ఆ ఉద్యోగము విడిచి, గురుపట్టము పొంది, నిజాము రాజ్యమందలి డోర్నకలునకు వచ్చిరి. తన మాతృభాష కాని తెలుగు నేర్చుకొని, బీదల పల్లెలలో సేవచేసిరి. 1912 డిసెంబరు 29న కలకత్తాలో బిషప్‌గా అభిషేకింపబడిరి. ఆంగ్లికన్ సంఘములో ఆ పదవి పొందిన మొదటి భారతీయుడు ఆయనే.

1930 తరువాతి సంవత్సరములలో క్రైస్తవులకు ప్రత్యేక నియోజకవర్గములు కావలెనను వాదము లేచెను. తనవారికి లాభముగా కనబడు ఆ సంగతిని ఆయన ఎదిరించిరి. అది సంఘమును పొరుగువారినుండి వేరుచేసి, సువార్తకు అడ్డమగునని తలంచిరి. తనకొరకైన ఆశను విడుచుట కష్టము. తనవారికొరకైన ఆశను విడుచుట మరింత కష్టము.

1945 జనవరి 1న డోర్నకలులో ఆయన ప్రభువునందు నిద్రించిరి.

మన కోరుట్ల, జగిత్యాల ప్రాంతములలో నేటికిని క్రైస్తవుల ఇండ్లలో కట్నపు మాటలు నడుచుచున్నవి. అట్టి మాటలయొద్ద నేనును మౌనముగా కూర్చుండి, చివరకు ప్రార్థనచేసి లేచితిని. ఎవరి మనస్సు నొప్పింపరాదను నా ఆశయే నా నోరు మూసెను. కాబట్టి నిర్ణయము చేయకముందు, ఇందులో నాకేమి దక్కును అను తలంపును ప్రభువు పాదములయొద్ద దించుదము. అప్పుడే ఆయన జ్ఞానము మనకు వినబడును.

ధ్యానమునకు: 1 రాజులు 3:5–14, యాకోబు 1:5, 14.