కాశీయాత్రికుడు ఏనుగుల వీరాస్వామయ్య

1830వ సంవత్సరము మే నెల 18వ తేదీ, మంగళవారము రాత్రి, చెన్నపట్టణమున తండయారుపేటలోని ఒక తోటనుండి పెద్ద పరివారమొకటి బయలుదేరెను. పల్లకీలు, బోయీలు, డేరాలు, వంటసామగ్రి, బంధువులు, పరిచారకులు. అందరును కలిసి సుమారు నూరుమంది. ఆ పరివారమునకు పెద్ద ఏనుగుల వీరాస్వామయ్య. ఆయన చెన్నపట్టణపు సుప్రీంకోర్టులో ప్రధాన ద్విభాషి. అప్పటికి ఏబదియేండ్ల వయస్సువాడు. గమ్యము కాశి. దక్షిణదేశమున మొదటి రైలుబండి నడచుటకు ఇంకను ఇరువదియారేండ్లు కావలసియున్న కాలమది.

కాశికి పోయినవాడును కాటికి పోయినవాడును ఒకటే యను సామెత ఆనాడు వట్టిమాట కాదు. నదులకు వంతెనలు లేవు. అడవిదారులలో దొంగలభయము, మధ్యదేశమున థగ్గుల భయము ఉండెను. ఊరూరను విషూచి పొంచియుండెడిది. పోవువారు ఇంటివ్యవహారములు చక్కబెట్టుకొని, అప్పులు తీర్చుకొని, తిరిగివచ్చుట దైవాధీనమని తలచి కదలెడివారు. వీరాస్వామయ్యయు ఆ భయములనెరిగియే కదలెను. కాని తక్కిన యాత్రికులు చేయని పని యొకటి ఆయన చేసెను. బయలుదేరిన రాత్రి మొదలుకొని తాను చూచినదెల్ల వ్రాసిపెట్టెను.

ఆయన 1780 ప్రాంతమున చెన్నపట్టణములో తెలుగు నియోగి కుటుంబమున జన్మించెను. తొమ్మిదవ యేటనే తండ్రి గతించెను. సంసారభారము మీదపడుటచే బాల్యముననే ఆంగ్లము నేర్చి కుంఫిణీవారి కచేరీలలో ప్రవేశించెను. కొంతకాలము తిరునెల్వేలి సీమలో ద్విభాషిగా నుండి, మరల పట్టణము చేరి, క్రమక్రమముగా సుప్రీంకోర్టు ఉద్యోగమునకు ఎదిగెను. ఇంగ్లీషుతోపాటు తెలుగు, తమిళము, సంస్కృతము ఆయనకు స్వాధీనములు. ధర్మశాస్త్రములందును పురాణములందును మంచి ప్రవేశము కలదు. దొరలయొద్దను, పండితులయొద్దను సమానముగా గౌరవము పొందినవాడు.

ద్విభాషి వృత్తి విచిత్రమైనది. న్యాయస్థానమున సాక్షి ఒక భాషలో చెప్పును. న్యాయాధిపతికి మరియొక భాష తెలియును. నడుమ నిలిచినవాడు తన మాటను చేర్చరాదు. సాక్షి మాటను తగ్గింపరాదు. సొంపుకొరకు ఒక విశేషణము కలిపినను ఒకని ఆస్తియో ప్రాణమో పోవచ్చును. ఇట్టి పనిలో ఏండ్లతరబడి ఆరితేరినవానికి చూచినదానిని చూచినట్లు, విన్నదానిని విన్నట్లు చెప్పుట స్వభావమైపోవును. వీరాస్వామయ్య యాత్రాగ్రంథమునకు మూలబలమిదియే. పదునెనిమిదవ శతాబ్దమున పుట్టిన తెలుగు విద్వాంసుడు కాశినిగూర్చి వ్రాయబూనినచో శ్రీనాథుని కాశీఖండమును తలచుకొని వర్ణనలకు దిగుట సహజము. వీరాస్వామయ్య ఆ దారి త్రొక్కలేదు. ఆయన తన ఆప్తమిత్రుడైన కోమలేశ్వరపురము శ్రీనివాసపిళ్ళకు, దారిపొడుగునను తాను చూచిన సంగతులను తెలియజేయుచు వచ్చెను. మిత్రునకు వ్రాయునది గనుక ఆ భాష ఆనాటి చెన్నపట్టణపు తెలుగు పెద్దమనుష్యులు ఇంట మాటలాడుకొను భాష. ఉర్దూ, ఆంగ్ల, తమిళపదములు అందు నిస్సంకోచముగా దొరలుచుండును. వచనము తెలుగున ఇంకను కుదురుకొనని దినములలో, వ్యాకరణమునకు జడియక సాగిన వచనమది.

పరివారము తిరుపతి, కడప, అహోబిలముల మీదుగా శ్రీశైలము వైపు సాగెను. ప్రతి మజిలీయందును ఆయన దృష్టి మొదట పడునది దేవాలయ గోపురముపై కాదు. బాటపై, బావిపై, అంగడిపై. ఊరు పెద్దదా చిన్నదా, నీరు మంచిదా ఉప్పనా, బియ్యము, కట్టెలు దొరకునా, వంటచేసుకొని పరుండుటకు చోటున్నదా యని వరుసగా గుర్తించును. తనవెనుక రాబోవు యాత్రికునకు అది ఉపయోగపడవలెనని ఆయన తలంపు. సంస్థానము మారగానే నాణెము మారును, తూకము మారును, ఆ భేదములను వ్రాయును. కుంఫిణీవారి రూపాయి దేశమునందు ఏకరీతిగా అమలులోనికి వచ్చినది 1835లో గనుక, అంతకుముందటి ఈ చిక్కులను దారినబోవు మనిషి ఎట్లు అనుభవించెనో తెలుపు ఆయన లెక్కలు నేటి చరిత్రకారునకు అమూల్యములు.

తిరుమల దేవస్థానము 1843వరకు కుంఫిణీవారి అజమాయిషీలో నుండెను. వేంకటేశ్వరుని సన్నిధిలోని ఆదాయము ప్రభుత్వఖజానాకు చేరు విధమును ఆయన కప్పిపుచ్చక తెలిపెను. శ్రీశైలము కందనూరు నవాబు ఏలుబడిలోనిది. నల్లమల అడవిలో డోలీలపైనను కాలినడకను ఎక్కి పోవలెను. యాత్రికులయొద్ద సుంకము వసూలగుచుండగా గుడి శిథిలమగుచుండుట చూచి ఆయన మనస్సు నొచ్చెను. భక్తుడై మ్రొక్కినవాడే లెక్క అడిగెను. ఈ రెండును ఒక హృదయమున ఇముడుట ఆ కాలమున అరుదు.

అటుపిమ్మట హైదరాబాదు. నాసిరుద్దౌలా రాజ్యమునకు వచ్చి అప్పటికి ఏడాదియే అయ్యెను. కార్యభారమంతయు చందూలాలు చేతిలో నుండెను. పట్టణపు వైభవమును, హుస్సేన్‌సాగరమును, కుంఫిణీ రెసిడెంటు భవనమును చూచి ఆయన ఆశ్చర్యపడెను. జనులు ఆయుధములు ధరించి వీథులలో తిరుగుటయు, సామాన్యునకు రక్షణ కొరవడుటయు చూచి కలతపడెను. మేలును కీడును ఒక్క ఊరియందే వ్రాయుట ఆయనకు అలవాటు.

మే నెలలో బయలుదేరినవారికి దారిలోనే వానలు తగులక తప్పదు. కామారెడ్డి దాటి, గోదావరిని గడచి, నిర్మల మీదుగా పరివారము నాగపురము చేరెను. ఆపైన జబల్పూరు. నూరుమందికి దినదినము అన్నము, బోయీలకు కూలి, రోగులకు మందు, భయపడినవారికి ధైర్యము. అన్నియు ఒక్కని తలమీద. తెలుగునేల వెనుకబడినకొలదియు మాటతీరు, ఆహారము, కట్టుబాట్లు మారుచుండుటను ఆయన ఆసక్తితో గమనించెను.

ప్రయాగ, కాశి, గయ క్షేత్రములు ఆయన యాత్రకు ఫలస్థానములు. తొమ్మిదవ యేట తండ్రిని పోగొట్టుకొన్న కుమారునకు గయలో పిండము పెట్టుట తీర్చుకొనవలసిన ఋణము. ఆ ఋణమును శ్రద్ధతో తీర్చుకొనెను. అయినను అచ్చటి పండాలు యాత్రికులను పీడించు తీరును, కుంఫిణీవారు స్నానమునకును శ్రాద్ధమునకును పన్ను గొనుటను మరుగుపరుపలేదు. ఆ యాత్రికపన్ను 1840లో రద్దయ్యెను. కాశిలో పుణ్యస్నానములను, ఘట్టములను, మందిరములను ఎంత శ్రద్ధతో తెలిపెనో, ఇరుకు సందులను, జీవనపు ఖర్చులను అంత శ్రద్ధతోనే తెలిపెను.

పిమ్మట గంగపై పడవలు ఆయనకు ఇల్లైనవి. నదీమార్గమున కలకత్తా చేరెను. 1829 డిసెంబరులో సహగమనమును నిషేధించిన శాసనముపై వాదోపవాదములు ఆ నగరమున ఇంకను చల్లారలేదు. రామమోహనరాయలు 1830 నవంబరులో ఇంగ్లండునకు ఓడయెక్కియుండెను. పాతలోకపు పుణ్యనగరమును, కొత్తలోకపు రాజధానిని ఒక్క యాత్రలో చూచిన తెలుగువాడు వీరాస్వామయ్య. అటనుండి జగన్నాథము, శ్రీకూర్మము, సింహాచలము, రాజమహేంద్రవరము, మచిలీపట్టణము, నెల్లూరుల మీదుగా తీరము వెంబడి దిగి, 1831 సెప్టెంబరు 3వ తేదీన చెన్నపట్టణము చేరెను. పదునైదు మాసములకు పైగా సాగిన ఆ యాత్రలో తెలుగుదేశమును ఆయన రెండు దారులలో చూచెను; పోవునపుడు రాయలసీమ, తెలంగాణములు, వచ్చునపుడు సముద్రతీరపు జిల్లాలు. వేరువేరు ప్రభుత్వములక్రింద చీలియున్న తెలుగునేలనంతటిని ఒక్కచేతి వ్రాతలో కూర్చినవాడాయన.

ఆయనయందు లోపములు లేవని చెప్పరాదు. తాను పుట్టిన వర్ణముయొక్క కన్నులతోనే లోకమును చూచెను. అడవిలో దారిచూపిన చెంచులను, పల్లకి మోసిన బోయీలను గూర్చి వ్రాసినను, వారి లోపలి బ్రతుకులోనికి తొంగిచూడలేదు. కుంఫిణీవారి న్యాయమునందు ఆయనకు గొప్ప నమ్మకము. ఆ న్యాయపు ఉప్పు తిన్నవాడు గనుక అది సహజము. అయినను కుంఫిణీ వసూళ్లను గూర్చి ఆయన వ్రాసిన వాక్యములే ఆ నమ్మకమునకు ఎదురుసాక్ష్యములైనవి. ద్విభాషి ధర్మము ఆయన ఇష్టానిష్టములను మించి పనిచేసినది.

తిరిగివచ్చిన పిమ్మట ఆయన ఆయుస్సు అయిదేండ్లే. ఆ కాలమున శ్రీనివాసపిళ్ళతో కలిసి హిందూ లిటరరీ సొసైటీ పనులలో పాల్గొని, స్వదేశీయులకు విద్య అలవడవలెనని పాటుపడెను. 1836లో స్వర్గస్థుడయ్యెను. అప్పటికి ఆయన యాత్రావృత్తాంతము అచ్చు కాలేదు. వేయి మైళ్ళకావల మజిలీలలో, దీపపు వెలుగున, అలసిన చేతితో వ్రాసిన ఆ కాగితములు మిత్రునియొద్దనే యుండెను.

ఇచ్చట శ్రీనివాసపిళ్ళ పేరు తలచుకొనక తప్పదు. ఆయన పెట్టెలో పెట్టి మరచియున్నచో ఈనాడు వీరాస్వామయ్య సుప్రీంకోర్టు దస్తరములలో ఒక సంతకముగా మిగిలియుండెడివాడు. పిళ్ళ ఆ వ్రాతలను క్రమపరచి, మిత్రుని జీవితసంగ్రహమును చేర్చి, 1838లో కాశీయాత్రచరిత్ర యను పేర అచ్చు వేయించెను. మిత్రుడు మిత్రుని గ్రంథమును కాపాడెను. 1869లో రెండవ ముద్రణము వెడలెను. పిదప చాలకాలము అది జనులకు అందకపోగా, 1941లో దిగవల్లి వేంకటశివరావు విపులమైన వివరణములతో మరల వెలికి తెచ్చెను. 1973లో ఆంగ్లానువాదము వచ్చెను. తెలుగున వెలసిన తొలి యాత్రాచరిత్రగా పండితులు దానిని గౌరవించుచున్నారు.

వీరాస్వామయ్య పుణ్యమునకై బయలుదేరెను. ఆ పుణ్యము ఆయనకు ఎంత దక్కెనో లెక్కవేయుట మానవులకు శక్యము కాదు. కాని దారిలో నీరెచ్చట తియ్యనిదో, కట్టెలెచ్చట దొరకునో, ఏ రేవున పన్నెంతో తనవెనుక వచ్చువారికి చెప్పిపోవలెనను తలంపు నెరవేరినది. ఆ బావులు పూడిపోయియుండవచ్చును. ఆ రేవులు మారియుండవచ్చును. ఆనాడు తెలుగువాడు ఎట్లు నడచెను, ఏమి తినెను, ఎవరికి సుంకము చెల్లించెను, దేనికి భయపడెనని అడుగువారికి మాత్రము ఆ ద్విభాషి సాక్ష్యము నేటికిని నిలిచియున్నది.