జేమ్స్ వాట్ అటకమీది పనిగది

పొయ్యిమీది నీటిపాత్ర మూత ఎగిరిపడుట చూచి ఆవిరిశక్తిని కనిపెట్టిన బాలుడుగా జేమ్స్ వాట్ మన బడిపిల్లలకెల్ల పరిచితుడు. ఆ కథలో కల్పనయే హెచ్చు. ఆవిరియంత్రమును మొట్టమొదట నిర్మించినవాడును అతడు కాడు. అతడు పుట్టకమునుపే న్యూకామెన్ యంత్రములు ఇంగ్లండు గనులలో నీరు తోడుచుండెను. ఆ యంత్రపు లోపమును కనిపెట్టి దిద్దినవాడు వాట్. అందులకు అతని బుద్ధి ఎంత తోడ్పడెనో, చేతి పనితనము నంతయే తోడ్పడెను. ఆ చేతులు ఎనుబది మూడవ యేటి వరకు పనిముట్లను విడువలేదు.

వాట్ 1736 జనవరి 19వ తేదీన స్కాట్లండులోని గ్రీనక్ రేవుపట్టణమున జన్మించెను. తండ్రి ఓడలపనిలో ఆరితేరినవాడు, వర్తకుడు. దుర్బల శరీరుడై తరచు బడికి పోలేకపోయిన కుమారునికి తండ్రి పనిశాలలోనే ఒక బల్ల, చిన్న కొలిమి, సొంత పనిముట్లు అమరెను. 1755లో అతడు లండను చేరి, జాన్ మోర్గన్ అను పనివానియొద్ద ఒక్క సంవత్సరము గణితపరికరముల నిర్మాణము నేర్చుకొనెను. 1757లో గ్లాస్గో విశ్వవిద్యాలయము తన ఆవరణలో అతనికొక పనిగది నొసగెను. న్యూకామెన్ యంత్రపు నమూనా మరమ్మతునకై వచ్చినది ఆ గదికే.

ఆవిరిని సిలిండరులోనే చల్లార్చుటచే ప్రతి పర్యాయము సిలిండరు చల్లబడి, దానిని మరల వేడిచేయుటకే బొగ్గు చాలవరకు వ్యర్థమగుచున్నదని వాట్ గ్రహించెను. ఆవిరిని వేఱొక పాత్రలోనికి మరలించి చల్లార్చు ఉపాయము 1765లో అతనికి తట్టెను. 1769లో పేటెంటు లభించెను. 1775లో బర్మింగ్‌హాం పారిశ్రామికుడు మాథ్యూ బోల్టన్‌తో భాగస్వామ్యము కుదిరి, అతని యంత్రములు దేశమంతట వ్యాపించెను. 1800లో పేటెంటు గడువు తీరినంతనే అరువది నాలుగేండ్ల వాట్ వ్యాపారమునుండి విరమించెను. ధనము, కీర్తి, విశ్రాంతి అతనికి సమకూడినవి.

అప్పుడతడు చేరుకొన్నది తన అటకకు. బర్మింగ్‌హాం చెంత హాండ్స్‌వర్తులో అతడు కట్టించుకొన్న హీత్‌ఫీల్డు భవనమున వంటయింటిపై నొక చిన్నగది కలదు. కప్పు తక్కువ యెత్తు. వేసవిలో ఉడుకు, శీతకాలమున గడ్డకట్టు చలి. కిటికీచెంత కాలితో త్రొక్కి త్రిప్పు లేతు, మూల ఇనుప పొయ్యి, గోడలవెంట అరలు. యౌవనమున వేణువులు చేసి అమ్ముకొన్న నాటి పనిముట్లను గూడ అతడు పారవేయలేదు. భార్య ఆన్ శుభ్రతయందు మిక్కిలి పట్టుదల గలది. మసిచేతులతో భోజనశాలకు పోవుటకంటె, తోలుతిత్తి నడుమునకు కట్టుకొని అటకమీదనే పెనము పెట్టుకొని వండుకొనుట ఆ వృద్ధునకు సుఖముగా తోచెడిదట.

ఆకురాళ్లు, ఉలులు, బరమాలు మున్నగునవి అంగడిలో దొరకును. కాని అతని మనస్సున నున్న మర ఏ అంగడిలోను లేదు. కావున తానే నిర్మింప బూనెను. అది విగ్రహములకు ప్రతులు చెక్కు యంత్రము. దాని చట్రమున ఒకచోట మొద్దుమొన, వేఱొకచోట గిరగిర తిరుగు బరమా ఉండును. మొన మూలవిగ్రహముమీద ప్రాకిన దారినే బరమా పాలరాతిమీద చెక్కుకొనుచు పోవును. చట్రము ఏమాత్రము వంగినను ప్రతిమ ముఖము చెడును. కావున దిద్దుబాటుకు అంతులేదు. అట్టి మరలు రెండింటిని చేసెను: ఒకటి సమానమైన ప్రతికి, రెండవది చిన్న ప్రతికి. వానికి పేటెంటు పొందలేదు. చెక్కిన ప్రతిమలను మిత్రులకు పంచుచు, ఎనుబది మూడవ యేట నడుగిడుచున్న యువశిల్పి కృతులని పరిహాసమాడెడివాడు.

ఆ పరిహాసము వెనుక తీరని దుఃఖము కలదు. కుమార్తె జానెట్ 1794లో మరణించెను. విద్యావంతుడు, తండ్రి ఆశలకు నిలయమునైన కుమారుడు గ్రెగరీ 1804లో ఇరువదియేడేండ్లకే క్షయరోగమున కన్నుమూసెను. వార్ధక్యమున బుద్ధి మందగించునేమో యను భయము గూడ వాట్‌ను వేధించుచుండెడిది. పనియున్న దినమున శోకమునకు చేతులలో చోటుండదు. గ్రెగరీ బడిపుస్తకములు, వ్రాతలు, బొమ్మలు గల పెట్టెను అతడు ఆ గదిలోనే, తన మరల నడుమనే ఉంచుకొనెను.

1819 ఆగస్టు 25వ తేదీన వాట్ ఆ భవనముననే మరణించెను. అటకగదికి తాళము పడెను. నూఱేండ్లకు పైగా అందలి వస్తువులు చాలవరకు అట్లే నిలిచినవి. 1924లో ఎనిమిదివేలకు పైగా గల వస్తువులను, గది తలుపు, కిటికీ, నేలపలకలతో సహా లండనులోని సైన్స్ మ్యూజియమునకు తరలించిరి. 1927లో హీత్‌ఫీల్డు భవనమును పడగొట్టిరి. యజమాని కీర్తిని చాటు పెద్దయిల్లు పోయినది. అతడు మసిచేతులతో కూర్చున్న చిన్నగది మిగిలినది.