కార్మికుల కవి మఖ్దూం మొహియుద్దీన్

హిమాయత్‌నగర్‌లోని మఖ్దూం భవన్ పేరు వినని వారు మనలో తక్కువ. అది సి.పి.ఐ. కార్యాలయం అని తెలుసు గాని, ఆ పేరు గల మనిషి కథ చాలామందికి తెలియదు. తండ్రి లేని పిల్లవాడిగా పెరిగి, కష్టపడి చదివి, చేతికొచ్చిన ఉద్యోగం వదిలి కార్మికుల పక్షాన నిలిచిన ఉర్దూ మహాకవి ఆయన.

మఖ్దూం 1908 ఫిబ్రవరి 4న అప్పటి మెదక్ జిల్లా ఆందోలులో జన్మించారు. చిన్నతనంలోనే తండ్రి చనిపోతే తండ్రి సోదరుడు బషీరుద్దీన్ పెంచారు. మసీదు ఊడ్చడం, నీళ్ళు నింపడం బాలుడి పనులు. రష్యాలో రాజును దింపేశారని, అక్కడ అందరూ ఒకే దస్తర్‌ఖాన్ దగ్గర కూర్చొని తింటారని బషీరుద్దీన్ చెప్పిన మాట ఆ పసి మనసులో నాటుకుపోయింది. ఊళ్ళు వేరైనా, కులాలు వేరైనా ఒకే మెస్సులో ఒకే వరుసలో కూర్చొని తినే మనకు ఆ మాట విలువ వేరే చెప్పనక్కరలేదు.

చదువు కోసం హైదరాబాదు వచ్చిన మఖ్దూం బొమ్మలు అమ్మి, ట్యూషన్లు చెప్పి రోజులు గడిపారు. ఉస్మానియాలో 1934లో బి.ఏ., 1936లో ఎం.ఏ. పూర్తి చేశారు. 1939లో సిటీ కాలేజీలో అధ్యాపకుడిగా చేరారు. రెండేళ్ళకే ఆ ఉద్యోగానికి రాజీనామా చేసి కార్మిక ఉద్యమంలోకి వచ్చారు. పేద ఇంటి నుంచి వచ్చిన వాడికి అది ఎంత పెద్ద త్యాగమో మనకు తెలుసు.

అది నిజాం పాలన. జీతం పెంచమని ఒక్కడు అడిగితే మరునాడు వాడికి పని ఉండదు. వందమంది ఒక్కటై అడిగితే యజమాని కూర్చొని మాట్లాడక తప్పదు. దీనినే ఉమ్మడిగా బేరమాడే హక్కు అంటారు. చార్మినార్ సిగరెట్ ఫ్యాక్టరీ, బటన్ ఫ్యాక్టరీ, నిజాం రైల్వే కార్మికుల్లో మఖ్దూం తిరిగి నేర్పింది ఇదే. 1946లో ఏర్పడిన ఆల్ హైదరాబాద్ ట్రేడ్ యూనియన్ కాంగ్రెస్‌కు ఆయనే అధ్యక్షులు. రాజ్‌బహదూర్ గౌర్ ఆయనకు కుడిభుజం. అదే ఏడాది నిర్బంధం పెరగడంతో అజ్ఞాతంలోకి వెళ్ళారు. 1951లో అరెస్టయి, 1952లో విడుదలయ్యారు. ఆ ఏడాదే హుజూర్‌నగర్ నుంచి శాసనసభకు ఎన్నికయ్యారు. తరువాత ఆంధ్రప్రదేశ్ శాసన మండలిలో ప్రతిపక్ష నాయకులుగా పనిచేశారు.

ఇంత పోరాటంలోనూ కవిత్వం ఆగలేదు. 1944లో సుర్ఖ్ సవేరా, 1961లో గులె తర్ సంపుటాలు వెలువడ్డాయి. బిసాతె రక్స్‌కు 1969 సాహిత్య అకాడమీ అవార్డు లభించింది. అదే ఏడాది ఆగస్టు 25న ఢిల్లీలో ఆయన కన్నుమూశారు. నాంపల్లిలోని షా ఖామోష్ దర్గాలో ఆయన సమాధి ఉంది.

మిత్రులారా! ఇది పాత కథ కాదు. మనలాంటి హాస్టళ్ళలో చదివిన ఎందరో నేడు 108 అంబులెన్సుల్లో, ఫైర్ స్టేషన్లలో, ప్రభుత్వాసుపత్రుల్లో రాత్రింబగళ్ళు పనిచేస్తున్నారు. 108 సేవలు 2005 ఆగస్టు 15న హైదరాబాదులో మొదలయ్యాయి. 2018లో తెలంగాణలో ఆ సిబ్బంది సమ్మె చేసినప్పుడు పలువురు ఉద్యోగాలు కోల్పోయారు.

అంబులెన్సు ఆగితే ప్రాణం పోతుందన్న మాట నిజమే. అందుకే ఎస్మా వంటి చట్టాలు ఉన్నాయి. ప్రభుత్వ ఉద్యోగులకు సమ్మె ప్రాథమిక హక్కు కాదని 2003లో సుప్రీంకోర్టు కూడా తీర్పు చెప్పింది. కాని సమ్మె తలుపు మూసినప్పుడు చర్చల తలుపు మరింత బార్లా తెరవాలి గదా! సమ్మెను నిషేధించిన చోట నిష్పక్షపాతమైన మధ్యవర్తి ఉండాలన్నది అంతర్జాతీయ కార్మిక సంస్థ సూత్రం. ప్రభుత్వ సేవల ఉద్యోగుల సంఘాల గురించి ఆ సంస్థ 1978లో చేసిన 151వ ఒప్పందాన్ని మన దేశం ఇంకా ఆమోదించలేదు.

ప్రాణాలు కాపాడే వాడి జీతం, డ్యూటీ గంటలు, సెలవు అతన్ని అడగకుండా నిర్ణయించడం న్యాయం కాదు. మఖ్దూం విన్న ఆ దస్తర్‌ఖాన్ దగ్గర అతనికీ చోటుండాలి. రేపు మనలో ఎవరు ఏ ఉద్యోగంలో చేరినా తోటివారితో కలిసి, చట్టం తెలుసుకొని, ధైర్యంగా అడగడం నేర్చుకుందాం. ఆ మహనీయునికి మనం ఇవ్వగల నివాళి అదే.